ముప్పై జతల కొత్తకాళ్లు

మా శ్రీశైలం నడక జట్టులో వినయానికి ఎన్నడూ కరువు లేదు. వానకు కరువొచ్చింది, నూలుకు కరువొచ్చింది, యుద్ధం నాళ్లలో జొన్నలకూ వచ్చింది. వినయం మాత్రం ప్రతి ఏడూ విరగపండేది. ఎవరిది ఎక్కువ వినయమో తేలక ఇద్దరు పెద్దమనుషులు తలపాగాలు ఊడేదాకా తోసుకోవడం నేను కళ్లారా చూశాను. వాళ్ల గురించి చెబుదామనే మొదలుపెట్టాను. చెప్పేటప్పుడు నా సంగతి కూడా వస్తుంది, తప్పదు.

నా పేరు తిక్కయ్య. ఎమ్మిగనూరులో నేతగాణ్ణి. ఉగాదికి శ్రీశైలం మల్లయ్య దగ్గరికి నడిచిపోవడం మా వైపు ఆచారం. ఆదోనివాళ్లు పద్దెనిమిది మైళ్లు నడిచి మా ఊరు వస్తారు, అక్కడ మేం కలుస్తాం. కోడుమూరు, కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరితే ఊళ్లు అయిపోతాయి, నల్లమల మొదలవుతుంది. మొత్తం నూట ముప్పై మైళ్ల పైమాటే. కాళ్లకు చెప్పులుండవు. బండి ఎక్కకూడదు, బస్సు వైపు చూడకూడదు. గంటలూ రంగుగుడ్డలూ కట్టిన ఒక పొడుగాటి కర్రను కంబి అంటాం. దాన్ని మా జట్టులో బసవన్న అనే ఆయన భుజాన వేసుకుని నడుస్తాడు. దారి పొడుగునా అది నేలకు ఆనకూడదు.

ఇంకో నియమం ఉంది. మొదటిసారి వచ్చినవాళ్లను కొత్తకాళ్లు అంటాం. కొత్తకాలిని కడగకుండా అడవిలోకి తీసుకుపోతే జట్టు మొత్తం దారి తప్పుతుందని నమ్మకం. ఎవరి తాతల కాలంలోనో అట్లా ఒకణ్ణి తీసుకుపోయి, పెద్దచెరువు చుట్టూ మూడు రోజులు తిరిగి, నాలుగోనాడు బయల్దేరిన చోటికే వచ్చారట. అందుకని వెంకటాపురంలో, జట్టులో అందరికంటే ఎక్కువసార్లు నడిచినవాడు గోరువెచ్చని నీళ్లతో కొత్తవాళ్ల పాదాలు కడిగి పసుపు పూయాలి. ఆయన్ను పాతకాలు అంటాం. పెద్దవాడు పోయి చిన్నవాడి కాళ్ల దగ్గర కూర్చుంటే గర్వం అణుగుతుందని, పాపం, ఆ నియమం పెట్టినవాళ్లు అనుకుని ఉంటారు. వాళ్లకు కాశప్ప తెలియడు, దేవేంద్రప్ప తెలియడు.

కాశప్పది ఆదోని. పత్తి మండీలో దలారీ. దేవేంద్రప్పది మా ఊరే, పన్నెండు మగ్గాల ఆసామి. నేను నేసేది ఆయన మగ్గం మీదే కాబట్టి ఆయన గురించి అప్పట్లో ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. నేను చెప్పబోయే ఏటికి ఇద్దరూ పదకొండేసి సార్లు నడిచామని చెప్పుకునేవాళ్లు. లెక్క సమానమయ్యేసరికి పాతకాలు ఎవరో తేలేది కాదు. అంతకు ముందటి ఏడు ఒకే ఒక కొత్తకాలు వచ్చింది, తుగ్గలి దగ్గర నుంచి ఒక ముసలాయన. కుడికాలు కాశప్ప పట్టుకున్నాడు, ఎడమకాలు దేవేంద్రప్ప పట్టుకున్నాడు. ఒకరు మడమదాకా కడిగితే ఇంకొకరు మోకాలిదాకా కడిగారు. ఒకరు ఆ కాలిని కళ్లకద్దుకుంటే ఇంకొకరు నెత్తిన పెట్టుకోబోయారు. ముసలాయన వెల్లకిలా పడి తలకు బొప్పి కట్టించుకున్నాడు. తలపాగాలు ఊడింది అప్పుడే.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఉగాదికి ఆదోని జట్టుతో లక్ష్మన్న అనే కొత్తకాలు వచ్చాడు. జిన్నింగు మిల్లులో గుమాస్తా. కూర్చుని రాసుకునే ఉద్యోగం కాబట్టి పాదాలు మెత్తగా, తెల్లగా ఉండేవి. వాటిని చూడగానే మా పెద్దమనుషులిద్దరికీ ప్రాణం లేచొచ్చింది. గోనెగండ్ల దాటకముందే కాశప్ప అతని మూట తన భుజానికి తగిలించుకున్నాడు. దేవేంద్రప్ప ఊరుకుంటాడా, ప్రతి మజిలీలో లక్ష్మన్న అరికాళ్లకు ఆముదం రాశాడు. నడుస్తూ నడుస్తూ ఇద్దరూ ఎవరు ఎంత అల్పులో చెప్పుకునేవాళ్లు. నేను మల్లయ్య గుడి మెట్టు మీద దుమ్మును అని ఒకరంటే, ఆ దుమ్మును తొక్కిన కాలికి అంటిన మట్టిని అని ఇంకొకరు. వినేవాళ్లం కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను, ఇది గుర్తుపెట్టుకోండి.

ఆముదం పట్టించిన కాళ్లు ఎండలో ఏమవుతాయో దేవేంద్రప్పకు తెలియదు. దుమ్మంతా అంటి, చర్మం నాని, కర్నూలు చేరేసరికి లక్ష్మన్న పాదాల నిండా బొబ్బలు. ఊరంతా డేరాలు, డేరాల్లో సర్కారు ఆఫీసులు, రోడ్ల నిండా బస్సులు. ఆదోని బస్సు ఒకటి కళ్ల ముందే ఆగింది. దేవుడు ఆదోనిలో కూడా ఉన్నాడని చెప్పి లక్ష్మన్న అందులో ఎక్కి కూర్చున్నాడు. కాశప్ప బస్సు కిటికీ పట్టుకుని బతిమాలాడు. ఆ మనిషి పోతున్నందుకు కాదు, ఆ కాళ్లు పోతున్నందుకు.

అట్లా ముప్పై ఒక్కరం ముప్పై మందిమయ్యాం. ముప్పై అని మేం లెక్కపెట్టుకున్నాం. నిజానికి ఇంకో ఇద్దరున్నారు.

మాదన్న తప్పెట కొట్టేవాడు. ఊరి బయట హరిజనవాడలో ఉండేవాడు. తప్పెట లేనిదే జట్టు కదలదు, ముఖ్యంగా అడవిలో. ఎలుగుబంట్లు ఉన్న చోట ముందు తప్పెట మోగాల్సిందే. అందుకని మాదన్న ముందు నడిచేవాడు, అయితే ఇరవై అడుగులు ముందు. ఎందుకు ఇరవై అడుగులంటే, మీకు తెలుసు. శ్రీశైలంలో మల్లయ్యను ఎవరైనా తల ఆనించి తాకొచ్చు, అక్కడ ఆ ఆచారం ఎప్పటినుంచో ఉంది. మా దేవేంద్రప్పను మాత్రం తాకకూడదు. ప్రతి మజిలీ మొదట్లో మాదన్న దారి పక్కకు తొలిగి నిలబడి, మేం ఒక్కొక్కరం దాటుతుంటే మనిషికొక దెబ్బ కొట్టేవాడు. ఎవరైనా వెనకబడితే తెలిసేది అట్లాగే. తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్లోనూ అంతే, కాకపోతే కొండ చూసొచ్చిన కొత్తకాలికి రెండు దెబ్బలు. ఫలానావాడు మొదటిసారి పోయొచ్చాడని ఊరందరికీ ఆ రెండో దెబ్బతో తెలుస్తుంది. ఆ దెబ్బల కోసమే లక్ష్మన్న బయల్దేరాడని నా అనుమానం.

ఆ ఏడు మాదన్న పెళ్లాం మారెమ్మ కూడా వచ్చింది. మాదన్న మాకు ఇరవై అడుగులు ముందు, మారెమ్మ ఇరవై అడుగులు వెనక. మొగుడూ పెళ్లాల మధ్య ముప్పై మంది భక్తులం. ఎమ్మిగనూరు నుంచి వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఆమె ఒడిలో పసుపుగుడ్డ చుట్టిన టెంకాయ ఒకటుండేది. పడుకున్నా దాన్ని కింద పెట్టేది కాదు. ఆమె మాకు కనబడలేదని కాదు, కనబడింది. లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

వెంకటాపురం చేరింది మధ్యాహ్నం పొద్దు వాలుతుండగా. మర్నాడు తెల్లవారుతూనే అడవిలో దిగితే మూడు రోజులకు కొండ, ఆ మూడోరోజే ఉగాది. కడగడానికి కాళ్లు లేవని తెలిసినా కాశప్ప అలవాటు కొద్దీ మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాచాడు. ఆదోని నుంచి చింతపండుతో తోమి మోసుకొచ్చిన ఇత్తడి చెంబు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దేవేంద్రప్ప పసుపు పొట్లం విప్పి మళ్లీ కట్టాడు. ఎవరైనా కొత్తకాలు ఉన్నారా అని ఆచారం ప్రకారం బసవన్న అడిగాడు. లేరని అందరం అనబోతున్నాం.

"నేనుండాను" అంది మారెమ్మ వెనక నుంచి. "కొత్తకాలు నాదే."

దూరంగానే నిలబడి తన సంగతి చెప్పింది. పోయిన ఎండాకాలంలో మూడేళ్ల కూతురికి అమ్మవారు పోసి పదిహేను రోజులు కళ్లు తెరవలేదట. బిడ్డ కళ్లు తెరిస్తే తన కాళ్లతో నడిచొచ్చి ఉగాదినాడు కొండ మీద టెంకాయ కొడతానని మొక్కుకుందట. బిడ్డ కళ్లు తెరిచింది. ఇప్పుడు తను కొత్తకాలునని చెప్పకుండా వస్తే అందరూ దారి తప్పుతారు, ఉగాది దాటిపోతుంది, మొక్కు నిలిచిపోతుంది. బిడ్డకు మళ్లీ ఏమన్నా అయితే తను బతకలేనంది. నిష్ఠూరంగా అనలేదు. ముప్పై మందిమీ కలిపి నమ్మినదానికంటే ఆమె ఒక్కతే ఆ నియమాన్ని ఎక్కువగా నమ్మింది, అందుకే చెప్పింది.

చెంబులో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. కాశప్ప చెంబును కొంచెం దేవేంద్రప్ప వైపు జరిపాడు.

ముందు ఎవరో సన్నగా అన్నారు, ఆమె మన జట్టు మనిషి కాదు కదా, వెనక నడుస్తున్న మనిషి కదా అని. దాని మీద అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. మాదన్న తప్పెట భుజం నుంచి తీసి కింద పెట్టాడు. ఆమె రాకుంటే తానూ రానని మాత్రం అన్నాడు. గొంతు పెంచలేదు. మేం అడవి వైపు చూశాం. తప్పెట లేకుండా అందులోకి పోయే వినయం మాలో ఎవరికీ లేదు.

అప్పుడు మొదలైంది అసలు నడక, వెనక్కి.

"దేవేంద్రప్పా, పాతకాలు నీవే. కడుగు. నేను యాడ పదకొండు తూర్లు నడిసినాను" అన్నాడు కాశప్ప. యుద్ధం రోజుల్లో ఒక ఏడు కోడుమూరు దగ్గర కాల్లో ముల్లు విరిగితే పత్తి బండి ఎక్కి కర్నూలుదాకా పోయాడట. బండెక్కినది నడక కాదు కాబట్టి తనవి పదేనట. ఆ ముల్లు సంగతి తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పని మనిషి ఆ రోజు అరికాలు ఎత్తి మచ్చ కూడా చూపించాడు.

దేవేంద్రప్ప ఓడిపోయే మనిషి కాదు. తనవి కూడా పదకొండు కావన్నాడు. ఒక ఏడు ఆత్మకూరులో కడుపు చెడి చుట్టాలింట్లో పడుకుంటే మిగతావాళ్లు విబూది తెచ్చి నుదుట పెట్టారట. ఇంకో ఏడు తను అసలు కదలనే లేదు, తన పేరున బామ్మర్దిని పంపాడు. కాబట్టి తొమ్మిది. కాశప్ప ఆలోచించి, నందికొట్కూరు నుంచి, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపిన బస్సు ఎక్కిన ఏడును తీసేశాడు. ఆ బస్సును ఎక్కినదానికంటే నెట్టిందే ఎక్కువ కదా అని దేవేంద్రప్ప దయతో గుర్తుచేశాడు. నెట్టినా బస్సు బస్సేనని కాశప్ప గట్టిగా నిలబడ్డాడు. నేను నా జన్మలో ఇంత నిజాయితీ ఒకేచోట చూడలేదు. ఒకరు అడవిలో టైరు చెప్పులు వేసుకున్న సంగతి ఒప్పుకుంటే, ఇంకొకరు పెద్దచెరువు దగ్గర డోలీ ఎక్కిన సంగతి ఒప్పుకున్నారు. ఇద్దరూ ఏడుకు దిగారు, ఆరుకు దిగారు. బసవన్న కంబిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ, తొందరగా తేల్చండప్పా, భుజాలు పడిపోతున్నాయి అని మూలుగుతున్నాడు. నాకు నవ్వు ఆగడం లేదు.

ఆరు దగ్గర నా నవ్వు ఆగింది. ఎందుకంటే నావి అయిదు, జట్టులో ఆ ఇద్దరి తర్వాత ఎక్కువ నావే.

వాళ్లింకో రెండు మెట్లు దిగితే పాతకాలును నేనే. ఆ సంగతి తట్టగానే నాకు చెమట పట్టింది. దేవేంద్రప్ప దారి కనిపెట్టింది సరిగ్గా అప్పుడే. కళ్లు మూసుకుని చాలా పెద్దమనిషిలా అన్నాడు, నడిచింది కాళ్లు గానీ మనసు కాదు కదా అని. "మనసంతా నూలు ధర మీదనే ఉండె. మనసు లేని నడక నడకేనా, కాశప్పా? నాది ఒక్కటీ లెక్కకు రాదు. నేనూ కొత్తకాలే."

కాశప్ప ఆయన వైపు ఎంత మెచ్చుకోలుగా చూశాడంటే, పదకొండేళ్లలో మొదటిసారి ఆ ఇద్దరికీ స్నేహం కుదిరిందనుకున్నాను. తన మనసు కూడా ఎప్పుడూ పత్తి మండీ దాటలేదన్నాడు. అది అందరికీ పనికొచ్చే దారి. వరసగా అందుకున్నారు. బసవన్న మనసు ఈనబోయే బర్రె మీద ఉందట. ఒకరిది కోర్టు వాయిదా మీద, ఒకరిది దారిలో పెట్టే బొరుగుల మీద. బెల్లం మీద మనసున్నవాళ్లే నలుగురు తేలారు. చుట్టూ తిరిగి అందరి కళ్లూ నా మీద ఆగాయి. అయిదుసార్లు నడిచిన తిక్కయ్య ఒక్కడే మిగిలాడు.

ఆ అయిదింటిలో నాలుగు నడకల సంగతి నేను చెప్పలేను, బొరుగులూ బెల్లమే కావచ్చు. మూడో ఏడు నడక అట్లా కాదు. ఆ ఏడు నా భార్య దేవమ్మ కాన్పులో బిడ్డ పోయి, తనూ పోయేట్టు మంచాన పడి ఉంది. వైద్యుడు చేతులెత్తేశాడు. ఇంట్లో కూర్చుని చూడలేక నడిచాను. వెంకటాపురం నుంచి కొండదాకా ప్రతి అడుగూ ఆమె పేరు మీదే వేశాను. నేను తిరిగొచ్చేసరికి ఆమె లేచి గంజి తాగుతోంది. నా బతుకులో నేను నిజంగా చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే.

నేను మారెమ్మ కాళ్లు చూశాను. పగుళ్లు, దుమ్ము, ఎడమ మడమ దగ్గర ఎండిపోయిన నెత్తురు. ఊళ్లో ఏమంటారో తలుచుకున్నాను. మగ్గం ఎవరిదో తలుచుకున్నాను. "నా మనసు కూడా యాడుండెనో, ఎవరికి తెలుసప్పా" అన్నాను. ఆ మాటతో అయిదూ పోయాయి, అందులో మూడోది కూడా పోయింది. సిగ్గనిపించింది. దానికంటే ముందు హాయిగా అనిపించింది, అది కూడా చెప్పాలి.

ముప్పై మందిమీ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. జట్టులో శ్రీశైలం పోయినవాడు ఒక్కడూ లేడు. కడగడానికి ఎవరికీ హక్కు లేదు, కాబట్టి ఎవరి తప్పూ లేదు, ఆమె వెనక్కి పోవడమే న్యాయమని కాశప్ప మెల్లగా అనబోతున్నాడు. మారెమ్మ ముఖం విప్పారింది. ఆమెకు మా మాటల్లో అబద్ధం కనబడలేదు, దారి కనబడింది.

"అట్లయితే మీరంతా కొత్తకాళ్లే కదప్పా" అంది. "మా ఇంటాయన తొమ్మిది తూర్లు వచ్చినాడు. ముందర నడిసినాడు. పాతకాలు ఆయప్పే. ఆయప్ప కడుగుతాడులే, నీళ్లు సల్లారిపోతాండాయి."

నియమం నియమమే. కడగని కొత్తకాలు ఒక్కటున్నా జట్టు దారి తప్పుతుంది, ఇప్పుడు ముప్పై జతలున్నాయి. పోగొట్టుకున్న పదకొండును తిరిగి తెచ్చుకుందామని కాశప్ప నోరు తెరిచాడు. తెరిచి, మారెమ్మ పాదాల వైపు చూసి, మూసుకున్నాడు. నిజం చెబితే ఆమె కాళ్లు మనం కడగాలి, అబద్ధం మీద నిలబడితే మన కాళ్లు మాదన్న కడగాలి. తిరిగి ఇంటికి పోదామంటే పెళ్లాలకు ఏం చెప్పాలి?

మాదన్న చేతులు కడుక్కుని వచ్చి కాశప్ప ముందున్న ఇత్తడి చెంబు ఎత్తుకున్నాడు. కాశప్ప చూపు చెంబుతో పాటు పోయింది. ముందు మారెమ్మను రాయి మీద కూర్చోబెట్టాడు. మొగుడు కాళ్లు పట్టుకుంటే పాపమని ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది. ఊరకుండమన్నాడు. వారం రోజుల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. ఎడమ మడమలో విరిగిన ముల్లు గోళ్లతో పట్టి లాగాడు, కడిగాడు, దేవేంద్రప్ప పొట్లంలోని పసుపు పూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముల్లు నొప్పికి కాదు.

తర్వాత మా వైపు తిరిగాడు. దేవేంద్రప్ప కాలు చాపేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకున్నాడు. కాశప్ప కళ్లు మూసుకుని శివశివా అనడం మొదలుపెట్టాడు. బసవన్న కంబి దించకూడదు కాబట్టి నిలబడే కడిగించుకున్నాడు, ఒంటికాలి మీద తూలిపోతుంటే మాదన్న భుజమే పట్టుకున్నాడు. ముప్పై జతలు కడగడానికి పొద్దు గుంకేదాకా పట్టింది. నీళ్లు రెండుసార్లు మళ్లీ కాచుకోవలసి వచ్చింది. మా మీద పిడుగూ పడలేదు, పువ్వులూ పడలేదు.

నేను చివర కూర్చున్నాను. మాదన్న నా పాదం పట్టుకుని, తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినిపించేట్టు అన్నాడు: "నీవి అయిదు తూర్లు కదప్పా. మజిలీకొక దెబ్బ కొట్టినోణ్ణి, నాకు తెలీదా. మూడో తూరి పెద్దచెరువు కాడ నువ్వు ఏడుస్తా నడిసినావు. ఎవరికీ ఇనపడకూడదని తప్పెట గట్టిగా కొట్టినాను."

తెలిసి ఎందుకు కడుగుతున్నావని అడిగాను.

"కొత్తోళ్లమని మీరే సెప్పుకుంటిరి" అన్నాడు. "కాదనేదానికి నేనెవణ్ణి." రెండో పాదం అడిగి తీసుకుని, వేళ్ల సందుల్లో కూడా శుభ్రంగా కడిగాడు. అప్పుడైనా నేను లేచి నిజం చెప్పి ఉండొచ్చు. పసుపు పూయించుకుని లేచి వెళ్లి బొరుగులు తిన్నాను.

దారి తప్పలేదు. ఉగాదినాడు మారెమ్మ కొండ మీద టెంకాయ కొట్టింది, ఒక్క దెబ్బకు రెండు చిప్పలయింది. మల్లయ్య మీద తల ఆనించి ఎంతసేపు ఉందంటే వెనకవాళ్లు కసురుకున్నారు. తిరుగు దారిలో ఆమె మాదన్న పక్కనే నడిచింది. వెనక్కి పొమ్మని చెప్పడానికి పాతకాలు ఎవరూ మిగల్లేదు కదా. మావాళ్లు మాత్రం త్వరగానే కోలుకున్నారు. ఆత్మకూరులో కాశప్పకు రెండు మూడు నడకలు గుర్తొచ్చాయి. నందికొట్కూరులో దేవేంద్రప్పకు ఆరు తిరిగొచ్చాయి. కోడుమూరు దాటేసరికి ఇద్దరూ పన్నెండు దగ్గర స్థిరపడి, మళ్లీ ఎవరు దుమ్మో ఎవరు మట్టో వాదించుకుంటున్నారు.

ఎమ్మిగనూరు మొదట్లో ఊరంతా హారతి పళ్లేలతో నిలబడి ఉంది. మాదన్న అలవాటు ప్రకారం దారి పక్కకు తొలిగాడు. ముందు మారెమ్మ దాటింది. రెండు దెబ్బలు. జనంలో ఆమె కూతురు అవ్వ చంకలోంచి దూకి పరుగెత్తుకొచ్చింది. తర్వాత దేవేంద్రప్ప పూలదండకు మెడ వంచుతూ దాటాడు.

తప్పెట రెండుసార్లు మోగింది.

జనం పొరపాటనుకున్నారు. కాశప్ప దాటాడు, రెండు. బసవన్న దాటాడు, రెండు. ఎవరో ఆడమనిషి పకాలున నవ్వింది. దేవేంద్రప్ప వెనక్కి వచ్చి, ఒక్కటి కొట్టరా అని పళ్లు బిగించి గొణిగాడు. కొత్తకాలికి రెండు కదప్పా, నేనే కడిగితి కదా అన్నాడు మాదన్న. ఎగతాళిగా అనలేదు. మారు మాట్లాడాలంటే వెంకటాపురం కథంతా ఊరి ముందు విప్పాలి. దేవేంద్రప్ప దండ సర్దుకుని నడిచిపోయాడు.

నా వంతు వచ్చేసరికి నాకొక వెర్రి ఆశ. మాదన్నకు నా సంగతి తెలుసు, నాకు ఒక్కటే కొడతాడు అనుకున్నాను. మెల్లగా దాటాను. మొదటి దెబ్బ పడింది. ఆగి, అతని ముఖం చూశాను. అతనూ చూశాడు, నేనేమన్నా చెబుతానేమోనని కాసేపు పుల్ల ఎత్తి పట్టుకున్నాడు. నేనేమీ చెప్పలేదు. రెండోది కొట్టాడు.

ఎదురుగా దేవమ్మ హారతి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. అందరూ నవ్వుతున్నారు, ఆమె నవ్వడం లేదు. పళ్లెం తిప్పబోయి ఆపింది.

"ఇదే మొదటి తూరి అయితే" అని అడిగింది, "నేను మంచంలో ఉన్న ఏడు నువ్వు యాడికి పోయింటివి?"